వాలు టీచర్ కుడి మలుపు

ఏటి ఒడ్డున ఆమెను ఎవరూ పేరుతో పిలవరు. వాలు టీచర్ అంటారు. పడవబడిలో కొత్తగా చేరినవాళ్ళకి పారే నీళ్ళలో కయాక్‌ను అదుపులో పెట్టుకోవడం నేర్పడం ఆమె ఉద్యోగం. ఇరవై రెండేళ్ళుగా గట్టు మీద నిలబడి ఆమె గొంతు చించుకుంటున్నది ఒక్క మాట కోసమే: "వాలు! ఇంకా వాలు! కొంపేం మునిగిపోదు, వాలు!" మొదటి రోజు ఆ అరుపుకి బెదిరిపోయినవాళ్ళే నెల తిరిగేసరికి ఆమె వెనక చేరి, అదే గొంతుతో ఒకళ్ళనొకళ్ళు ఆటపట్టించుకుంటారు. ఆమెకది తెలుసు. తెలిసినా తెలియనట్టే ఉంటుంది. ఆ పేరంటే లోలోపల బోలెడు గర్వం మరి.

కయాక్ అంటే నడుము దాకా లోపలికి దూరి, కాళ్ళు చాపుకుని కూర్చునే సన్నటి పడవ. చేతిలో రెండు కొసలా ఆకులున్న తెడ్డు. నిలవ నీళ్ళలో దాన్ని నడపడం ఎవరికైనా అరగంటలో వస్తుంది. పారే నీళ్ళ సంగతి వేరు. ఏట్లో పెద్ద బండ ఉంటే దాని వెనక కాసిని నీళ్ళు పరుగు మాని నిలబడతాయి. పడవబడిలో దాన్ని నీడ అంటారు. నీడలోంచి పరుగునీళ్ళలోకి వచ్చినా, పరుగునీళ్ళలోంచి నీడలోకి దూరినా, మధ్యలో ఒక గీత దాటాలి. కొత్తవాళ్ళంతా బోర్లా పడేది ఆ గీత మీదే. మలుపులో సైకిలు వాలినట్టు, పడవ ఎటు తిరుగుతుంటే అటే వాలాలి. భయపడ్డ మనిషేమో సరిగ్గా రెండో వైపుకి వాలతాడు. నీళ్ళు పడవ అంచు దొరకబుచ్చుకుని తిరగేసి పారేస్తాయి. అంతే కథ. ఈ అంతే కథని మనుషుల ఒంట్లోకి ఎక్కించడానికి ఆమె ఇరవై రెండేళ్ళు ఖర్చుపెట్టింది.

ఏటి మీద ఆమె మాటకి తిరుగులేదు. ఇంట్లో మాత్రం ఆమె రెండో మనిషి. మొదటి మనిషి చిన్నీ.

చిన్నీ ఆమె ఆడపడుచు, భర్తకి ఒక్కగానొక్క చెల్లెలు. నలభై ఒకటి నిండినా ఇంట్లో ఆమె చిన్నీయే. సిటీ బస్సు నడుపుతుంది, రెండు వీధుల అవతల ఉంటుంది, ప్రతి ఆదివారం సాయంత్రం అన్నగారింట్లో వాలుతుంది. ఆమె వచ్చిందంటే ఇంటికి ప్రాణం లేచొచ్చినట్టే. అత్తగారు అలమారలోంచి నీలం అంచు కప్పు తీస్తుంది. ఆ కప్పు కోడలికి పంతొమ్మిదేళ్ళలో ఒక్కసారే దొరికింది, అదీ చిన్నీ జ్వరంతో రాలేకపోయిన రోజున. వీధి తలుపు తాళం కోడలికి మూడు తిప్పులు తిప్పితే గానీ రాదు. చిన్నీ చెయ్యి పడితే మొదటి తిప్పుకే టక్కున వస్తుంది. అన్నగారి కళ్ళద్దాల కొట్టులో జరిగిన వింత ఏదైనా చిన్నీ చెప్పిందంటే అందరూ పొట్ట చేత్తో పట్టుకుని నవ్వుతారు. అదే కథ ఈమె చెప్తే, కొట్టు యజమాని అయిన భర్త కూడా ఓపిగ్గా విని, "ఆ తర్వాత?" అంటాడు. అక్కడితో కథ అయిపోయిందని ఆయనకి చెప్పాల్సి వచ్చినప్పుడల్లా ఆమెకు ఒళ్ళు మండిపోయేది.

పోనీ చిన్నీ చెడ్డదా అంటే, అదే అసలు బాధ. చెడ్డదైతే తిట్టుకోవచ్చు. ఆమె "వదినా, వదినా" అంటూ చుట్టూ తిరుగుతుంది, వంటింట్లో గిన్నెలు తోమి మరీ వెళ్తుంది, వాటిని ఈమెకన్నా శుభ్రంగా తోముతుంది. ఇలాంటి మనిషి మీద ఏడవడం ఎంత కష్టమో ఏడ్చినవాళ్ళకే తెలుస్తుంది. అయినా వాలు టీచర్ పట్టు విడవకుండా పంతొమ్మిదేళ్ళు ఏడ్చింది. ఆ ఇంటి గడప దాటి ఏటి గట్టు ఎక్కాక మాత్రం ఆమె ఎవరికీ రెండో మనిషి కాదు. పెళ్ళికి ముందు నుంచీ ఆమెకంటూ ఉన్నది ఆ ఏరొక్కటే.

కిందటి వానాకాలం వరదకి ఆ ఏరు కాస్తా మారిపోయింది.

ఎడమ గట్టున, ఇరవై రెండేళ్ళుగా ఆమె పాఠాలు చెప్పిన నీడ ఇసకతో పూడిపోయింది. ఎగువ నుంచి ఇంకో పెద్ద బండ దొర్లుకుంటూ వచ్చి కుడి గట్టు పక్కన కూలబడింది. దాని వెనక కొత్త నీడ తయారైంది. పాతదానికన్నా వెడల్పు, కొత్తవాళ్ళకి అనువు. పడవబడి నడిపే పెద్దాయన అటూ ఇటూ నడిచి చూసి, "ఈసారి నుంచి పాఠాలు ఇక్కడే" అన్నాడు.

మరునాడు ఎవరూ రాకముందే ఆమె పడవ దించి కొత్త నీడలోకి వెళ్ళబోయింది. గీత మీద పడవ తూలింది. తెడ్డు అడ్డం పెట్టి ఎలాగో నిలదొక్కుకుంది. మళ్ళీ వెళ్ళింది. మళ్ళీ తూలింది. అప్పుడు అర్థమైంది. ఎడమ గట్టు నీడలోకి వెళ్ళినా, వచ్చినా పడవ తిరిగేది ఎడమకే. ఇరవై రెండేళ్ళుగా ఆమె ఎడమకే తిరిగింది, ఎడమకే వాలింది. కుడి గట్టున అన్నీ కుడి మలుపులే. ఒళ్ళేమో ఎవరో తాడు కట్టి లాగినట్టు ఎడమకే పోతోంది. ఆమె దగ్గర నేర్చుకున్న వందల మందీ అంతేనన్న మాట. ఒక ఊరు ఊరంతటికీ ఒంటి వైపు పడవ నేర్పి పెట్టింది, ఎవరికీ అనుమానమే రాలేదు.

ఈ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. మోకాలు నొప్పి అని చెప్పి, ఆ ఏడాది పడవ ఎక్కకుండా, కొత్త తరగతులకి ముందే సాధనకి వచ్చేవాళ్ళకి గట్టు మీద నుంచే పాఠాలు మొదలుపెట్టింది.

సరిగ్గా అప్పుడే చిన్నీకి నడుము నొప్పి వచ్చింది. పదిహేనేళ్ళు బస్సు సీట్లో కూర్చున్న నడుముకి వ్యాయామం కావాలన్నారు డాక్టరుగారు. భోజనాల దగ్గర భర్త చెల్లెలి వైపు తిరిగి, "ఇంట్లోనే టీచర్ ఉండగా ఎక్కడికో ఎందుకు? మీ వదిన దగ్గర పడవ నేర్చుకో" అన్నాడు. వాలు టీచర్ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"నీళ్ళు చల్లగా ఉంటాయి, నడుముకి మంచిది కాదేమో" అంటూ నీళ్ళు నమిలింది.

"నువ్వున్నావుగా వదినా, నాకేం భయం!" అంది చిన్నీ.

వచ్చింది. పడవెక్కింది. మొదటి రోజు రెండుసార్లు బోర్లా పడింది. ఆ సాయంత్రం వాలు టీచర్ ఇంటికి వెళ్తూ దారిలో కూనిరాగం తీసింది, దాచడమెందుకు. రెండో రోజు గట్టు మీద నిలబడి చెప్పాల్సినవన్నీ చెప్పింది. చెప్పకుండా ఉండడం ఆమెకు చేతకాదు, అదొక్కటీ ఆమె పాలిట శాపం. "వాలడమంటే ఒళ్ళు వంచడం కాదు, మోకాలితో పడవ అంచు ఎత్తడం. కుడికి తిరగాలంటే ఎడమ మోకాలు పైకి ఎత్తు. గీత వంక చూడకు, వెళ్ళాల్సిన చోటు చూడు." చిన్నీ తలూపింది, గీత దాటింది, కుడికి వాలింది. పడవ నీడలోకి చెప్పినట్టు తిరిగి వచ్చి, బస్టాపులో బస్సు ఆగినట్టు బండ పక్కన ఆగింది.

నెల తిరిగేసరికి ఒడ్డున సాధనకి వచ్చినవాళ్ళంతా నిలబడి చూసేది చిన్నీనే. పెద్దాయన మెచ్చుకోవడంలో మహా పిసినారి. ఇరవై రెండేళ్ళలో వాలు టీచర్‌తో "పరవాలేదు" అన్నది నాలుగుసార్లు, ఆ నాలుగూ ఆమెకు తేదీలతో సహా గుర్తు. ఆ పెద్దాయన చేతులు వెనక్కి కట్టుకుని చిన్నీ మలుపు చూసి, "దీనికి ఇది పుట్టుకతో వచ్చిందమ్మా. ఎవరో నేర్పితే వచ్చేది కాదు" అన్నాడు, నేర్పినామె పక్కన నిలబడి ఉండగా.

ఆమె గబగబా షెడ్డులోకి వెళ్ళిపోయి, చిరిగిన లైఫ్ జాకెట్లు కుట్టే మిషను ముందు కూర్చుంది. కుట్టాల్సిన జాకెట్లేం లేవు. బాగున్నదాన్నే ఒకటి విప్పి మళ్ళీ కుట్టింది. చుట్టూ మేకులకి తడి జాకెట్లు వరసగా వేలాడుతున్నాయి, అన్నీ పసుపువే. చివరి మేకుకి ఒక్కటే ఎర్రది.

ఆ ఎర్ర జాకెట్ సంగతి చెప్పాలి. ఏటా కొత్త తరగతులు మొదలయ్యే ఆదివారం, చేరడానికి వచ్చినవాళ్ళందరి ముందూ ఎర్ర జాకెట్ వేసుకున్న టీచర్ మొదటి మలుపు తిరిగి చూపించాలి. ఎవరు చూపిస్తే ఆ ఏడాది కొత్తవాళ్ళు వాళ్ళ చేతిలోకే. అది పడవబడి పద్ధతి. పెద్దాయన తన మాటనైనా తప్పుతాడు గానీ దాన్ని తప్పడు.

ఆ ముందు రోజు ఆయన షెడ్డు గుమ్మంలో నిలబడి గొంతు సవరించుకున్నాడు. "నీకు మోకాలు బాగాలేదంటున్నావు కదా. రేపు చిన్నీ చేత చూపిద్దామా?"

"నేనుండగానా?" అంది ఆమె, మిషను ఆపకుండా. "నా మోకాలు బ్రహ్మాండంగా ఉంది."

ఆ మాట నోరు దాటగానే ఒళ్ళు చల్లబడింది. కానీ చిన్నీ ఒంటి మీద ఎర్ర జాకెట్‌ని ఊహించుకునేసరికి ఆ చల్లదనం కాస్తా ఆవిరైపోయింది.

ఆదివారం గట్టు నిండా జనం. ఒక టైపిస్టు, సెలూన్ నడిపే ఆయన, ఇద్దరు నర్సులు, ఇంకా పాతిక మంది, వాళ్ళ ఇళ్ళవాళ్ళు. ముందు వరసలో కుర్చీ వేయించుకుని అత్తగారు, పక్కన భర్త. ఏ ఏడూ రాని మనుషులు ఈ ఏడు ఎందుకొచ్చారో ఎవరూ చెప్పక్కర్లేదు. కాస్త దిగువన పసుపు జాకెట్ వేసుకుని పడవలో సిద్ధంగా ఉన్న చిన్నీ కోసం. ఎవరైనా పడితే ఒడ్డుకి చేర్చే పని ఆ రోజు చిన్నీది.

వాలు టీచర్ ఎగువ నుంచి వచ్చింది. తెడ్డు చక్కగా పడుతోంది, పడవ చెప్పిన మాట వింటోంది. 'కుడికి, కుడికి, కుడికి' అని లోపల చదువుకుంటూనే ఉంది. గీత దగ్గర పడింది. ఆ క్షణంలో గట్టు మీద అత్తగారి గొంతు, "మా చిన్నీ అయితేనా..." అనడం వినిపించింది. అంతే. తల మర్చిపోయింది. ఒళ్ళు తనకి తెలిసిన పని చేసింది. ఎడమకి వాలింది.

పడవ తిరగబడింది.

తిరగబడ్డ పడవని నడుము విదిలించి లేపడం ఆమెకు కొట్టిన పిండి. కానీ అదీ ఎడమ నుంచే. ఆ గీత మీద ఎడమ నుంచి లేవనివ్వలేదు నీళ్ళు. రెండుసార్లు తన్నుకుంది. మూడోసారికి ఊపిరి చాల్లేదు. నడుము చుట్టూ బిగించిన తొడుగు లాగేసి బయటికి జారింది. తల పైకి రాగానే ఎదురుగా పసుపు జాకెట్.

"తోక పట్టుకో వదినా!"

పడ్డవాళ్ళు పడవ తోక పట్టుకోవాలి, కాళ్ళాడించాలి, నోరు మాత్రం విప్పకూడదు. ఆ నియమం పెట్టింది ఆమే. కాబట్టి నోరు మూసుకుని, చిన్నీ పడవ తోక పట్టుకుని, కాళ్ళాడిస్తూ, ఇరవై రెండేళ్ళ పరువుని నీళ్ళలో ఈడ్చుకుంటూ గట్టుకి చేరింది.

అప్పుడు చిన్నీ పడవలోంచి లేచి, బస్సులో చివరి సీటు దాకా వినపడే గొంతుతో అంది: "చూశారుగా అందరూ? టీచర్‌గారు కావాలనే పడి చూపించారు. తప్పు వైపు వాలితే ఇదీ గతి!"

ఒక్కసారిగా చప్పట్లు. అత్తగారు కూడా కొట్టింది. భర్త ముఖంలోకి నెత్తురు తిరిగొచ్చింది.

ఇంకెవరైనా అయితే చిన్నీ చేతులు పట్టుకుని కన్నీళ్ళు పెట్టుకునేవాళ్ళు. వాలు టీచర్‌కి అరికాలి మంట నెత్తికెక్కింది. పడ్డందుకు కాదు. పడ్డది తన పరువు, దాన్ని ఏరుకొచ్చి దులిపి తన చేతిలో పెట్టింది చిన్నీ. మంచితనంలో కూడా నాకన్నా ఒక మెట్టు పైనే ఉండాలా ఈ మనిషి? ఇక ప్రతి ఆదివారం నీలం అంచు కప్పులో టీ తాగుతూ చిన్నీ ఈ మాట ఎవరికీ చెప్పదు. చెప్పకపోవడం మరీ ఘోరం. బతికినంత కాలం ఆ దయ కింద బతకాలి.

"కావాలని పడలేదు" అంది గట్టిగా.

చప్పట్లు ఆగిపోయాయి.

"ఆవిడ నా కోసం అబద్ధం చెప్పింది. ఇన్నేళ్ళూ నేను ఎడమ గట్టునే నేర్పాను. నా ఒంటికి ఎడమ వాలే వచ్చు. కుడి రాదు. మోకాలు నొప్పీ లేదు, పాడూ లేదు."

ఇది నిజాయితీ అనుకుని ముందు వరస నర్సు కళ్ళు తుడుచుకుంది. నిజాయితీ కాదు, ఒట్టి అసూయ. అది నిజం చెప్పిస్తే చెప్పించింది గాక.

సెలూన్ ఆయన మొహమాటంగా చెయ్యెత్తాడు. "మరి మీకే రాకపోతే మాకెవరు నేర్పుతారండీ?"

"నేనే. ఇదిగో, ఈవిడ నెలన్నర కిందట తెడ్డు ఎటు పట్టుకోవాలో తెలీని మనిషి. ఈవిడకి కుడి మలుపు నేర్పింది నేను." పెద్దాయన వైపు తిరిగింది. "పుట్టుకతో రాలేదు. నేను నోటితో చెప్తే వచ్చింది."

పెద్దాయన ఆ మాట వినీ విననట్టు ఏటి వంక చూశాడు. "పద్ధతి పద్ధతే కదమ్మా. మొదటి మలుపు చూపించాలి. ఈ వారానికి చిన్నీ చూపిస్తుంది. వచ్చే ఆదివారానికి నీకు వస్తే అప్పుడు చూద్దాం. రాకపోతే ఈ ఏడాదికి కొత్తవాళ్ళు ఆమెకే."

వాలు టీచర్ తడి కారుతున్న ఎర్ర జాకెట్ విప్పి ఇచ్చింది. చిన్నీకి అది అచ్చం కొలిచి కుట్టినట్టు సరిపోయింది. సరిపోకుండా ఉంటుందా.

సోమవారం తెల్లవారగానే ఆమె ఒక్కతే ఏటికి వెళ్ళింది. పదకొండుసార్లు పడింది. మంగళవారం తొమ్మిది. బుధవారం మధ్యాహ్నం తల తుడుచుకుంటూ చూస్తే, డ్యూటీ దిగిన చిన్నీ యూనిఫారంతోనే వచ్చి గట్టు మీద కూర్చుని ఉంది.

"నువ్వెందుకొచ్చావు?"

"ఊరికే. వదినా, నువ్వు గీత వంకే చూస్తున్నావు. వెళ్ళాల్సిన చోటు చూడు. మలుపులో గుంత వంక చూశానంటే నా బస్సు తిన్నగా గుంతలోకే పోతుంది."

"అది నేను చెప్పిన పాఠమే."

"నువ్వు చెప్పిందే. ఎడమ మోకాలు ఎత్తు."

"అదీ నేను చెప్పిందే!"

"అవును మరి. నువ్వు చెప్పిందాంట్లో ఒక్కటీ తప్పు లేదు. నువ్వే వినట్లేదు. వాలు వదినా, వాలు! కొంపేం మునిగిపోదు!"

తన మాట తనకే తగిలితే ఎంత చిరాకో ఆమెకు ఆ రోజు తెలిసింది. ఆ కోపంలో ఎడమ మోకాలు కాస్త ఎక్కువే ఎత్తింది. పడవ నీడలోకి సగం తిరిగి ఆగింది. పడలేదు. గురువారం రెండుసార్లు తిరిగింది, ఆరుసార్లు పడింది. శుక్రవారం ఇద్దరూ మాట్లాడుకోలేదు, చిన్నీ అరుస్తూనే ఉంది, ఆమె తిరుగుతూనే ఉంది.

శనివారం మధ్యాహ్నం గీత దాటి, కుడికి వాలి, నీడలో బండ పక్కన ఆగింది. మళ్ళీ ఎగువకి వెళ్ళి వచ్చింది. ఆగింది. వరసగా ఏడుసార్లు. ఏడోసారి ఆగినప్పుడు, చిన్నీ అరవడం మానేసి చాలాసేపయిందని గమనించింది.

"ఏం, గొంతు పోయిందా?"

చిన్నీ మోకాళ్ళ చుట్టూ చేతులు వేసుకుని ఏటి వంక చూస్తోంది. "నీకు ఇప్పుడు రెండు వైపులా వచ్చేసింది వదినా."

"వచ్చింది. అయితే?"

"నాకు కుడే వచ్చు." గులకరాయి ఒకటి నీళ్ళలోకి విసిరింది. "నిన్న ఇక్కణ్ణుంచి వెళ్ళాక కింద వంపు దగ్గర ఎడమ గట్టున చిన్న నీడ ఉంటే వెళ్ళాను. నాలుగుసార్లు పడ్డాను. ఎవరికీ చెప్పలేదు." మళ్ళీ ఒక రాయి. "నీకు వారంలో వచ్చేసింది. నీకేం వదినా."

వాలు టీచర్ తెడ్డు ఒళ్ళో పెట్టుకుని ఆడపడుచు ముఖంలోకి పరీక్షగా చూసింది. కింది పెదవి కాస్త ముందుకి వచ్చింది. కళ్ళు ఎటో చూస్తున్నాయి. ముక్కుపుటాలు బిగుసుకున్నాయి. ఆ ముఖం ఆమెకు బాగా తెలుసు. పంతొమ్మిదేళ్ళుగా ప్రతి ఆదివారం రాత్రీ పళ్ళు తోముకుంటూ అద్దంలో చూస్తున్న ముఖమే. చిన్నీ తన మీద కుళ్ళుకుంటోంది. చిన్నీ! తన మీద!

జన్మలో అంత హాయిగా ఎప్పుడూ అనిపించలేదు ఆమెకు. నీలం అంచు కప్పులు పది తెచ్చి ముందు పెట్టినా ఆ హాయి రాదు. ఆ హాయిలో, మొట్టమొదటిసారి, చిన్నీ ఆమెకు తనలాంటి మనిషిలా కనిపించింది.

"ఆ ఎడమ వైపు నాకూ నేర్పవూ?" అంది చిన్నీ, ఇంకా ఎటో చూస్తూనే.

"నేర్పుతాను. ముందు నా ఎర్ర జాకెట్ ఇటు పారెయ్."

నేర్పింది కూడా. మాట తప్పే మనిషి కాదు. కాకపోతే వారంలో అయ్యే పాఠాన్ని మూడు నెలలు నేర్పింది.